ముట్టుకోకూడని సొట్ట

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను కోతలు కోస్తాను. నేను ఏనుగంటే మీరు దూడ అనుకోవాలి, గజమంటే అడుగు అనుకోవాలి. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని రెండుతో భాగించి, ఆ వచ్చినదాన్ని కూడా మరొకరిని అడిగి నమ్మాలని మా ఆవిడ ఇరుగుపొరుగుకి ఎప్పుడో నేర్పేసింది. కాబట్టి ఇందులో అంకెలన్నీ కాస్త ఉబ్బి ఉంటాయి. పూర్తిగా కల్పించినది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో చెబుతాను.

1998 వేసవి. అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు మీద నాకో షెడ్డు ఉండేది. తాటాకు కప్పు, మూడు గోడలు. నాలుగో గోడ కట్టేలోగా అటువైపు నుంచి కార్లు రావడం మొదలెట్టడంతో అదే గుమ్మమైపోయింది. అప్పటికి నాకు పదేళ్ళ అనుభవం, ముప్పయ్యేళ్ళ గర్వం ఉన్నాయి.

ఒక ఉదయం మలికిపురం వైపు నుంచి పంటు మీద ఏరు దాటి ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రక్కులో కొబ్బరాకులు కప్పిన పాత ల్యాండ్‌మాస్టర్ కారు. ట్రాక్టరు డ్రైవరు పక్కనుంచి తెల్ల పంచె, నల్ల గొడుగుతో డెబ్బయ్యేళ్ళ రాజు గారు దిగేరు. ఆకులు తీసి చూశాను. దాన్ని కారు అనడానికి గుండె ధైర్యం కావాలి. తొంభయ్యారు తుపానులో కారు షెడ్డు కూలి దాని మీదే పడిందట. టాపు వడియంలా ముడుచుకుపోయింది. రెండేళ్ళు ఉప్పుగాలి తిన్న అడుగు రేకు వేలు పెడితే అప్పడంలా విరుగుతోంది.

"లేస్తుందంటారా అండి?" అన్నారు రాజు గారు.

"తొండం ఉంటే చాలండి, ఏనుగునైనా లేపుతాను."

"తొండం ఉందండి. ఇంజను తిరుగుతోంది. రోడ్డెక్కించే ఉద్దేశం లేదు. మా తోటలో ఒక చుట్టు తిరిగితే చాలు."

ఆయన గొడుగు కొనతో ఒక్కో దెబ్బా చూపిస్తూ కారు చుట్టూ నడిచేరు. నేను వెనకాలే నడిచాను.

"ఈ సొట్ట తియ్యండి."

"ఆయ్."

"ఈ డోరు మళ్ళీ పడాలండి. సందులు సమానంగా రావాలి."

"ఆయ్."

"వెనక ఎడమ మడ్‌గార్డు మీద అరచేయంత సొట్టుంది చూసేరా? అది తుపానుది కాదండి. దాన్ని మాత్రం ముట్టుకోకండి."

"ఆయ్."

కోనసీమ బయట పుట్టినవారి కోసం ఇక్కడ కాస్త ఆగాలి. మా ఆయ్‌కి నిఘంటువులో అవునని అర్థం రాసుకోవచ్చు. వాడుకలో దాని అర్థం, తమరు మాట్లాడుతున్నట్టు నాకు తెలుస్తోంది అని మాత్రమే. మేం నిద్రలోనూ అంటాం. డాక్టరు దగ్గర నోరు తెరిచి నాలుక చాపినప్పుడు కూడా అదే అంటాం. ఆ వేళ నా నోట్లో రెండు నట్లున్నాయి. కళ్ళు కారు మీద ఉన్నాయి గానీ, మనసు వీరాచారి గారి వడ్రంగి సాలలో ఉంది.

కారణం ఉంది. అంతకు ముందు ఏడాది చిత్తుకాగితాల్లో నాకో విదేశీ పత్రిక దొరికింది. అందులో ఒక కారు బాడీని, అంటే ఇంజనూ సీట్లూ తీసేసిన వట్టి రేకు డొల్లని, రెండు స్టాండ్ల మధ్య కోడిని కాల్చినట్టు గుండ్రంగా తిప్పుతున్న బొమ్మ ఉంది. దాని పేరు రొటిసరీ. అదుంటే కారు అడుగు భాగాన్ని నిలబడి, కాఫీ తాగుతూ బాగుచెయ్యొచ్చు. అప్పటిదాకా నేను వెల్లకిలా పడుకుని చేసేవాణ్ణి. తుప్పంతా కళ్ళలో పడేది. పదేళ్ళలో కనీసం పుట్టెడు తుప్పు మింగి ఉంటాను. మా ఇంట్లో అయస్కాంతం నా వైపే తిరిగేది.

ఆ యంత్రం అమలాపురంలో దొరకదు, హైదరాబాదులోనూ దొరకదు. అందుకని వీరాచారి గారి దగ్గరికి వెళ్ళి రెండు ఎడ్లబండి చక్రాలు అడిగాను.

"బండి కడతారా?"

"కాదండి. ముందొక చక్రం, వెనకొక చక్రం, మధ్యలో కారు. చక్రం తిప్పితే కారు తిరగాలి."

ఆయన బాడిస కిందపెట్టి నన్ను ఎగాదిగా చూసేరు. "నలభయ్యేళ్ళుగా చక్రాలు చేస్తున్నానండి. ఎడ్లు లాగేయి, దున్నలు లాగేయి. తిన్నగా ఉన్న కారుని తలకిందులు చేసే బుద్ధిమంతుడు ఇదే రావడం."

తిట్టుకుంటూనే చేసిచ్చేరు. రెండేసి తుమ్మ దుంగలు పాతి, మధ్యలో ఇరుసు బిగించి, దానికి చక్రం తొడిగి, బంపరు ఉండే చోట బోల్టులతో కారు బాడీని కలిపాం. కావలసిన వాలుకి తిప్పి, చక్రం ఆకుల, అంటే చువ్వల, సందులోంచి గునపం దోపితే కదలదు. వేలితో తోస్తే కారు తిరిగింది. వేలితో అన్నది కోత. ఇద్దరం భుజం పెట్టాం. కానీ తిరిగింది. చూడ్డానికి ముమ్మిడివరం బస్సు అయిదు నిమిషాలు ఆగింది.

ఆ ఊపులో కారుకన్నా సామగ్రే ఎక్కువ తయారైంది. పాత ఫ్రిజ్ కంప్రెసరుకి లారీ గాలి ట్యాంకు కలిపి రంగు కొట్టే యంత్రం చేశాను. అది మొదలైతే పక్కింటి గేదె పాలు ఎగబెట్టేది. రంగుకి దుమ్ము అంటకూడదు కనుక నాలుగు దోమతెరలు కుట్టించి, కారు పట్టేంత గది కట్టాను. బావి గిలకతో ఇంజను లేపే క్రేను చేశాను. రాజు గారు నెలకోసారి వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసి, "బాగుందండి" అని వెళ్ళేవారు. నాకు పొగడ్త తలకెక్కడానికి ఆ ఒక్క మాట చాలు.

టింకరింగ్ నేనే చేశాను. రేకు వెనక డాలీ అనే ఇనప దిమ్మ ఆనించి, ముందునుంచి సుత్తితో చిన్నగా తట్టుతూ సొట్ట తీయడాన్ని టింకరింగ్ అంటారు. కొట్టడం కాదు, బుజ్జగించడం. రోజూ కారుని తిప్పుతూ, వాటం చూసుకుంటూ, నలభై రెండు సొట్టలు తీశాను. తలకిందులైన కారుకి కుడీ ఎడమా ఉండవు, తుపానుదీ కానిదీ ఉండవు. అన్నీ సొట్టలే. అందులో ఒకటి చాలా మొండికేసింది. గుండ్రంగా, లోతుగా, పాతబడి ఉంది. దానికి మూడు రోజులు పట్టింది. తీశాక అక్కడ చెంప ఆనించి చూసుకున్నాను, అంత నున్నగా వచ్చింది. పైన ప్రైమరు కొట్టాను. ప్రైమరంటే అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత.

భాద్రపదంలో రాజు గారు వచ్చేరు. కారు తిన్నగా నిలబెట్టి ఉంది. నేను పెళ్ళికూతురి తండ్రిలా పక్కన నిలబడ్డాను. ఆయన టాపు చూసేరు, డోర్లు వేసి తీసేరు, తల పంకించేరు. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని వెనక్కి నడిచి, చూడకుండానే, అలవాటుగా, ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యి వేసేరు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాస్త ముందుకి జరిపేరు, కాస్త కిందకి.

"ఇక్కడ ఒకటుండాలండి" అన్నారు.

అప్పుడు, అయిదు నెలలు ఆలస్యంగా, మొదటిరోజు ఆయన అన్న మాట నా చెవిలో పడింది.

ఆయన అరవలేదు. స్టూలు మీద కూర్చుని, గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. తాగి చెప్పేరు.

"మా ఇంట్లో ఆడవాళ్ళు రోడ్డు మీదికి రాని రోజులండి. మా ఆవిడ సుభద్రకి కారు నడపాలని కోరిక. తోటలో అయితే ఎవరు చూస్తారని నేనే నేర్పేను. వారంలో బాగానే తోలింది. ఓ రోజు రివర్సు చేస్తోంది. వెనక కొబ్బరిచెట్టు. నేను బ్రేకు, బ్రేకు అంటున్నానండి. ఆవిడ ఆయ్, ఆయ్ అంటోంది. అంటూనే వెళ్ళి గుద్దేసింది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయనే నవ్వేరు.

"దిగి చూసి, చెట్టుకేం కాలేదు కదండీ అంది. కారు సంగతి అడగలేదు. అప్పుడే బాగుచేయించనా అంటే వద్దంది. నా సంతకం, ఉండనీయండి అంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయిందండి. చెట్టు తుపానులో పోయింది. రోజూ కారు తుడిచేటప్పుడు అక్కడ చెయ్యి పెట్టుకునేవాణ్ణి."

"నేను వినలేదండి, రాజు గారూ. ఆయ్ అన్నాను గానీ వినలేదు."

"తెలుస్తోందండి" అన్నారాయన. "ఆవిడా అంతే."

లేచి, "పనైతే బాగా చేసేరు" అని బస్సెక్కేరు. కోనసీమలో తిట్టు కూడా అండీతోనే ముగుస్తుంది. ఆయన తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది. మర్చిపోయిన గొడుగు స్టూలు పక్కనే ఉంది.

మర్నాడు గొడుగు ఇచ్చే వంకతో వాళ్ళ ఊరు వెళ్ళాను. తోటలోకి వెళ్ళాలంటే బోదె, అంటే చిన్న పంటకాలువ, దాటాలి. బోదె మీద పడిపోయిన కొబ్బరి దుంగ ఒకటి వంతెనగా వేసి ఉంది. దాటుతుంటే, చెట్టు నిలబడి ఉన్నప్పుడు మోకాలెత్తున ఉండే చోట, మొదలు దగ్గర, ఒక పక్క నొక్కుకుపోయిన మచ్చ కనబడింది. మిగతా చెట్లు గాయాన్ని పూడ్చుకుంటాయి. కొబ్బరి పూడ్చుకోలేదు. దెబ్బ తగిలిన చోటు బతికున్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది. కారు రంగు కూడా అంటుకుని ఉందని రాద్దామనుకున్నాను గానీ, అది లేదు.

"ఇదేనా అండి?" అన్నాను.

రాజు గారు తలూపేరు.

"ఇందులో రెండు మూరల ముక్క ఇప్పించండి."

"దేనికండి?"

"తీసినదాన్ని పెట్టడానికండి."

"మరి బోదె దాటడం?"

"ఇంకో దుంగ నేనే మోసుకొచ్చి వేస్తానండి." వేశాను కూడా. ఒక్కణ్ణే మోశానని మా ఊళ్ళో చెబుతాను. ఆరుగురం మోశాం.

వీరాచారి గారు ఆ ముక్కని రెండు వైపులా చదును చేసి, చివర్లకి ఇనప పట్టీలు వేసేరు. విషయం విన్నాక ఒక్క ఎత్తిపొడుపూ లేదు. "ఒకసారి లొంగిన రేకు రెండోసారి కూడా అక్కడే లొంగుతుందండి. భయపడకండి" అన్నారు. దుంగని షెడ్డు దూలానికి, బావి గిలక మీదుగా, ఉయ్యాలలా వేలాడదీశాం. కారు బాడీని తిన్నగా నిలిపి, చక్రాల ఆకుల్లోకి రెండు వైపులా గునపాలు దోపాం. సొట్టలు తీయడానికి నేను చేసిన పనిముట్లు షెడ్డు నిండా ఉన్నాయి. సొట్ట పెట్టడానికి చేసినది నా జీవితంలో అదొక్కటే.

ఎత్తు మాకు తెలియదు. రాజు గారికి తెలుసు. కళ్ళు మూసుకుని, మడ్‌గార్డు మీద అరచెయ్యి జరుపుతూ, "ఇంకాస్త కింద. కాదు, ఇటు. ఇక్కడండి" అన్నారు. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాను. దుంగని వెనక్కి లాగి, తాడు ఆయన చేతికే ఇచ్చాను.

మొదటిసారి మెల్లగా వదిలేరు. దుంగ వచ్చి తట్టింది. రేకు నొచ్చుకోను కూడా లేదు.

"ఆవిడ ఇంత నెమ్మదిగా గుద్దలేదండి" అన్నారు.

రెండోసారి మూరెడు ఎక్కువ వెనక్కి లాగేం. ఆయన తాడు పట్టుకున్నారు. పెదవులు కదిలేయి. బ్రేకు, బ్రేకు అన్నట్టు నాకనిపించింది. తాడు వదిలేరు.

డుబ్‌మని మోగింది. చక్రాలు కిర్రుమన్నాయి. ఊగుతున్న దుంగని వీరాచారి గారు పట్టి ఆపేరు. రాజు గారు దగ్గరికి వెళ్ళి, సొట్టలో అరచెయ్యి పెట్టేరు. గూట్లో పెట్టిన దీపంలా చెయ్యి అందులో కుదిరిపోయింది. చెయ్యి తీయకుండానే అన్నారు:

"ఆయ్."

తర్వాత దోమతెరల గదిలో రంగు కొట్టాను, లేత నీలం, సొట్టతో సహా. దీపావళి ముందు కారు ట్రాక్టరు మీద కాకుండా తన కాళ్ళతో వెళ్ళి పంటెక్కింది. తోటలో ఆయన తిప్పిన మొదటి చుట్టులో నేను పక్క సీటులో కూర్చున్నాను.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా ఏం బాగుచెయ్యాలని ముందు అడగను. సుద్ద ముక్క వాళ్ళ చేతికిచ్చి, ముట్టుకోకూడనివి ఉంటే గుర్తు పెట్టండి అంటాను. చాలామంది నవ్వి సుద్ద తిరిగిచ్చేస్తారు. ఏడాదికి ఒకరిద్దరు మాత్రం బండి చుట్టూ తిరిగి, ఎక్కడో ఒక చోట ఆగి, చిన్న సున్నా చుడతారు. ఎందుకని అడగను. నోట్లో నట్లు ఉమ్మేసి వింటాను.

ఇక కల్పించిన సంగతి. చక్రాలు నిజం, దుంగ నిజం, ఆవిడ అన్న ఆయ్‌లు నిజం. బస్సు ఆగింది గానీ, నా కోసమో టైరు కోసమో తెలియదు. అబద్ధం ఒక్కటే. ఆ సొట్ట కుదరలేదు. రెండు వేళ్ళు పైకి వచ్చింది. లోతు కూడా చాల్లేదు. ఆయన అరచెయ్యి అందులో సగమే పట్టింది, మణికట్టు వైపు బయటే ఉండిపోయింది. నేను చూశాను. నేను చూడడం ఆయన చూసేరు.

ఆ తర్వాతే, నా మొహంలోకి చూస్తూ, ఆయ్ అన్నారు.