విప్పేసిన బండి

మొన్న మోకాళ్ల నొప్పితో మంచం మీద వాలి ఉంటే, మా కోడలు ఫోనులో ఏదో ప్రార్థన ధ్యానం పెట్టి తలగడ పక్కన ఉంచింది. కళ్లు మూసుకోండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, ప్రభువు మిమ్మల్ని ముట్టి స్వస్థపరుస్తున్నాడు అని ఒక మెత్తని గొంతు చెబుతుంటే, శాంతి మాట దేవుడెరుగు, వెంటనే ఆపేయమన్నాను. పాపం, ఆ పిల్ల మంచికే పెట్టింది. మా అక్క సంగతి దానికి నేనెన్నడూ చెప్పలేదు.

నిజాం ఏలుబడి ఇంకా ముగియని రోజులు. జహీరాబాదు శివారులో ఉండేవాళ్లం. నాయన అల్లం చేలల్లో కూలి చేసేవాడు. నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పద్నాలుగు. మా పేటలో చదువు చెప్పేదీ, పెళ్లి చేసేదీ, పోయినవాళ్లను మట్టి చేసేదీ ఉపదేశిగారే కాబట్టి, ఆయన మాటంటే అమ్మకు దేవుడి మాటే. ఆ వానాకాలం అక్కకు పట్టిన జ్వరం పదిరోజులైనా దిగకపోయేసరికి, నాయన ఎవరినో బతిమాలి ఎడ్లబండి తెచ్చి, స్టేషనుకు తీసుకుపోయి బీదరు దవాఖానకు రైలెక్కిద్దామన్నాడు. అప్పుడే ఉపదేశిగారు వచ్చారు.

"దవాఖానకు ఉరికితే విశ్వాసం ఏడున్నట్టమ్మా? మూడు దినాలు మనసు నిమ్మలం జేసుకొని ప్రార్థన చెయ్యున్రి. ప్రభువే లేపుతడు" అన్నారు.

అమ్మ నాయన వైపు తిరిగి, "బండి ఇప్పు" అంది.

మూడు రోజులు అక్క చుట్టూ మోకరించాం. నడుమ నేను కళ్లు తెరిచి చూస్తే, అక్క పెదవులు పగిలి నల్లబడి ఉన్నాయి. మూడోనాటి మధ్యాహ్నం అందరూ కళ్లు మూసుకుని ఉండగానే వెళ్లిపోయింది. సమాధి దగ్గర ఉపదేశిగారు, ఈ ఇంట్లో ఎవరికో సందేహం ఉండిందన్నారు. కళ్లు తెరిచింది నేనే కనుక ఆ మాట నన్నేననుకుని, ఏళ్లకేళ్లు ఎవరికీ చెప్పకుండా మోశాను.

రెండు నెలలు తిరగకముందే ఆయన భార్యకూ జ్వరం పట్టుకుంది. నాలుగో రోజునే ఆమెను రైలెక్కించారు. కోలుకుని వచ్చిందని తెలిసి అమ్మ జొన్నగటక కాచుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆమె ముందు గిన్నె పెట్టి, ఆయనతో అంది: "బతికింది, మంచిగైంది అయ్యగారూ. నా బిడ్డకు గూడ బండి వాకిట్లనే ఉండె."

ఆయన తల వంచుకున్నారు.

అమ్మ ప్రార్థన గుడికి పోవడం మానలేదు గాని, ఆ తరువాత ఆమె గొంతెత్తి ప్రార్థించగా నేను వినలేదు. కళ్లు మూసుకుని అంతసేపు ఏమడుగుతావని ఒకసారి అడిగాను. "ఏమడగనే. ఊకె కూసుంట" అంది. మంది దాన్ని మనశ్శాంతి అనుకున్నారు.

ఇప్పుడు మా సంఘం పాస్టరు, నా మనవడి వయసువాడు, ప్రార్థన ముగించి లేస్తూ, "మాత్రలేసుకున్నవా అవ్వా?" అని అడుగుతాడు. కాలం మారినందుకు సంతోషించాల్సినదాన్నే. కానీ అంత చిన్న మాట చెప్పడానికి ఆనాడు ఒక్కరూ లేకపోయారే అనుకుంటూనే, ఆ పిల్లవాడికి మాత్రల డబ్బీ తీసి చూపిస్తాను.