తానికాయ మందు కోసం వచ్చిన మనిషి

2022 చలికాలం. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతున్నాను. మందు ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందో చెప్పే సబ్జెక్టు అది. ఆ ఏడు నా దగ్గర ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్న స్వరూపది ములుగు దగ్గర ఒక పల్లె. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలు ఊరి పక్క అడవిలో రాలితే, సంచికెత్తి బస్సులో తెచ్చుకుంది. గౌట్ జబ్బుకు అవి పనికొస్తాయేమో చూడాలన్నది ఆమె ప్రాజెక్టు.

గౌట్ అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్లలో చేరడం. ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో పట్టుకుంటుంది. దుప్పటి అంచు తగిలినా మనిషి విలవిల్లాడిపోతాడు. యూరిక్ యాసిడ్ తయారు కావడానికి ఒంట్లో జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. డాక్టర్లు రాసే అల్లోప్యూరినాల్ గోళీ దాన్నే అడ్డుకుంటుంది. స్వరూప కాయల పెచ్చును నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, సారం తీసి, ఆ ఎంజైమ్‌తో కలిపి చూసింది. ఎంజైమ్ వేగం తగ్గింది. మళ్లీ చేసినా అదే ఫలితం. కాలేజీలో అందరూ సంతోషపడ్డారు. స్థానిక పత్రికలో చిన్న వార్త వచ్చింది. దానికి వాళ్లు పెట్టిన శీర్షిక మాత్రం ‘గౌట్‌కు తానికాయ మందు’.

అది చదివి వీరేశం గారు వచ్చారు. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. ఒక కాలికి చెప్పు, రెండో కాలికి గుడ్డ. భార్య అనసూయమ్మ భుజం పట్టుకొని ల్యాబ్ దాకా నడిచారు.

“మేడం, ఆ తానికాయ మందు జర నాకియ్యున్రి.”

“అది ఇంకా మందు కాదండీ. గాజు గొట్టంలో పనిచేసింది, అంతే. ఇంకా ఎలుకల్లో చూడాలి.”

“ఎలుకలెందుకు, నా మీదనే చూడున్రి. సంతకం పెట్టి ఇస్త. ఈ నొప్పి కంటె ఎక్కువ నాకేమైతది?”

ఆ మాట ఆయన బతిమాలుతున్నట్టుగా అనలేదు, బేరం చేస్తున్నట్టు మామూలుగా అన్నారు. అందుకే నాకు మరింత బాధనిపించింది. కూర్చోబెట్టి, డాక్టరు రాసిన గోళీలు వాడుతున్నారా అని అడిగాను.

“వాడిన. అవి మొదలువెట్టినంక నొప్పి ఇంక ఎక్కువైంది. బంద్ చేసిన. తర్వాత ఒకాయన మూలికల పొడి ఇచ్చిండు. నెలల సంది అదే వాడుతున్న, వేసుకున్న పూటనే తగ్గుతది. ఇప్పుడాయన వస్తలేడు, పొడి అయిపోవస్తాంది. అందుకే మీ దగ్గరికొచ్చినం.”

అనసూయమ్మ అందుకున్నారు. “తగ్గుడైతే తగ్గుతాంది బిడ్డా. కాని ఆయన మొకం చూడు, ఎట్ల ఉబ్బిందో. షుగర్ గూడ పెరిగింది. నాకే ఫికరైతాంది, ఆయనకు లేదు.”

మూలికల పొడి గౌట్ నొప్పిని పూటలోనే లాగేయడం నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. ఆ గుండ్రటి మొహం చూశాక, పొడిలో స్టెరాయిడ్ కలిపారేమోనన్న అనుమానం వచ్చింది; అది ఎక్కువకాలం వాడితే మొహం అలాగే ఉబ్బుతుంది, షుగరూ పెరుగుతుంది. కొంచెం పొడి తెప్పించుకున్నాం.

స్వరూప దానికి టీఎల్‌సీ చేసింది. సన్నటి పూత ఉన్న పలక మీద చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెడితే, కలిసిపోయిన పదార్థాలు విడిపోయి వేర్వేరు ఎత్తులకు ఎక్కుతాయి. పొడి చుక్క పక్కనే మా దగ్గరున్న డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ చుక్క కూడా పెట్టింది. పలకను అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తే రెండూ ఒకే ఎత్తులో కనిపించాయి. ఈ పరీక్ష ఒక్కటే తుది రుజువు కాదు. అయినా ఆ ఉబ్బిన మొహం, పెరిగిన షుగర్, ఈ చుక్క ఒకేవైపు చూపిస్తున్నాయి.

వెంటనే ఫోన్ చేసి, పొడిలో స్టెరాయిడ్ కలిసినట్టుందని, అయినా దాన్ని తనంతట తాను ఆపేయవద్దని వీరేశం గారికి చెప్పాను.

“కల్తీ అంటిరి, మళ్ల ఆపొద్దంటిరి. మరి నేనేం చెయ్యాలె మేడం?”

స్టెరాయిడ్ చాలాకాలం బయటి నుంచి అందితే ఒళ్లు తన సొంత తయారీని తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొడి అయిపోవస్తోందన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ సాయంత్రమే వాళ్లతో కలిసి హనుమకొండలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన పరీక్షలు చేయించి, పొడి మాన్పించి, లెక్క తెలిసిన స్టెరాయిడ్ గోళీలు మొదలుపెట్టి మెల్లమెల్లగా తగ్గించారు. తర్వాత అల్లోప్యూరినాల్ మళ్లీ రాశారు, వెంట నొప్పి రాకుండా ఇంకో మందు కూడా.

“ఇది మొదలుపెట్టినప్పుడు పాత స్ఫటికాలు కదిలి నొప్పి రావచ్చు. భయపడి ఆపకండి” అన్నారు డాక్టరు.

వీరేశం గారు మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఆ ముక్క అప్పుడే ఎవరన్న చెప్తే నేను పొడి దిక్కు పోకపోతుంటి సార్” అన్నారు.

పొడి సంగతి కాలేజీ తరఫున డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు తెలియజేశాం. అమ్మినాయన జాడ మాత్రం దొరకలేదు.

ఎండాకాలంలో వీరేశం గారు ఒక్కరే నడుచుకుంటూ ల్యాబ్‌కు వచ్చారు. మొహం వాపు చాలావరకు తీసింది. నన్ను పలకరించి, స్వరూప వైపు తిరిగారు.

“నీ కాయ ముచ్చట ఏమైంది బిడ్డా?”

“ఎలుకలల్ల యూరిక్ యాసిడ్ తగ్గింది కాకా. గోళీ తగ్గించినంత కాదు. మనుషుల మీద చూసేదాక పోవాల్నంటే ఇంక శానా పనుంది.”

“నిమ్మళంగనే చూడున్రి. తొందరపడి నాలాంటోళ్లకు మాత్రం ఇయ్యకున్రి” అన్నారాయన.

ఆ తర్వాత మా ల్యాబ్ ఫలితాల గురించి ఎవరు అడిగినా, ఇది ఇంకా మందు కాదన్న మాటతోనే మొదలుపెడుతున్నాను. తరగతిలో అల్లోప్యూరినాల్ పాఠం వచ్చినప్పుడు, అది ఎలా పనిచేస్తుందో చెప్పేముందు, మొదట్లో నొప్పి రావచ్చన్న సంగతి రోగికి చెప్పి తీరాలని చెబుతున్నాను. నొప్పితో ఉన్న మనిషి మనం చెప్పే ప్రతి మాటనూ మందుగానే వింటాడు. ఆ సంగతి నాకు నేర్పింది వీరేశం గారే.