మొగులప్ప మొలతాడు

పందొమ్మిది వందల యాభై ఎనిమిది నాటికి యాలాల్‌లో మొగులప్పకు నలభై గొర్రెలున్నాయి, పలకరించే మనిషే లేడు. భార్య రుక్కమ్మ పోయి ఎనిమిది నెలలు. పదో రోజున కులపెద్దలు అతని మొలతాడు తెంచేశారు. పెళ్లాం పోయిన మగవాడి నడుముకు అది ఉండకూడదని వాళ్ల ఆచారం. దాంతోపాటు ఇంకొకటి పోయిందని ఆ పెద్దమనుషులకు తడితేగా! ఏటా దసరాకు రుక్కమ్మ నల్ల ఉన్నితో కొత్త తాడు పేని కట్టేది. "ఏందయ్యా, గింత సన్నబడ్డవ్?" అని ఆ పూట రెండు జొన్నరొట్టెలు ఎక్కువ చేసేది. ఇప్పుడు అడిగే నోరూ లేదు, చూపించే తాడూ లేదు.

దగ్గు పట్టుకుంది. తాండూరులో రైలెక్కి వికారాబాద్ దవాఖానకు వెళ్తే, డాక్టరు తూకం మీద నిలబెట్టి ముఖం చిట్లించాడు.

"ఎన్నాళ్ల నుంచి చిక్కిపోతున్నావు?"

"ఎరుక లేదు సారూ."

"ఇంట్లో ఎవరూ చూడలేదా?"

మొగులప్ప జారుతున్న పంచె పైకి లాక్కున్నాడు.

బీడీ మానమన్నాడు డాక్టరు. పాలు, గుడ్లు, వేళకు తిండి, మందు మరవొద్దన్నాడు. "మీ ఊళ్లో తూకం ఎక్కడ దొరుకుతుంది! రెండు వేళ్లు పట్టేలా నడుముకు దారం కట్టుకో. మూడు పట్టాయంటే పరుగెత్తుకు రా. బిగుతైందంటే బతికినట్టే."

ఏ ఊరివాడో, మొలతాడు సంగతి తెలియదు పాపం.

రుక్కమ్మ కదురుకు ఆమె వడికిన దారం కొంచెం మిగిలి ఉంది. దాన్నే పేని కట్టుకున్నాడు. మర్నాడు కాగ్నా వాగులో గొర్రెలను కడుగుతుంటే నలుగురి కంటా పడింది. సాయంత్రానికల్లా మొగులప్ప తాండూరులో ఎవతినో ఉంచుకున్నాడని ఊరంతా గుప్పుమంది.

రుక్కమ్మ తమ్ముడు నర్సింహులు వాకిట్లో నిలబడ్డాడు. "ఏం బావా, మా అక్క పోయి ఏడాది తిరగలే. గప్పుడే మొలతాడు గట్టినవా? ఎవతి గది?"

"ఎవ్వతి లేదు నర్సిమ్లూ. దవాఖానల చెప్పిన్రు. గిది కొలత."

"కొలతనా! ఎవనికి జెప్తవ్?"

అప్పుడప్పుడూ ఇంత కూర పంపే ఇల్లు అదొక్కటే. అదీ మానేసింది.

విప్పేస్తే గొడవ పోయేది. కాని చావంటే భయం, విప్పలేదు. రోజూ పొద్దున్నే వేళ్లు దూర్చి చూసుకునేవాడు. ఒకరోజు మూడు పట్టినట్టనిపించి దవాఖానకు పోదామని చెప్పులు వేసుకున్నాడు. వంగినందుకే అలా, నిటారుగా నిలబడితే రెండే. వానాకాలం దాటింది, దగ్గు తగ్గింది. రెండు వేళ్లు పట్టే చోట ఒకటే పట్టసాగింది. దసరా ముందు ఒక పొద్దున ఆ ఒక్కటీ దూరలేదు.

"రుక్కమ్మా, జర సూడూ!" అంటూ సంతోషంగా లోపలికి తిరిగాడు.

గోడవారన ఖాళీ కదురు.

తాడు ఒరుసుకొని నొప్పెడుతోంది. ముడి విప్పబోతే ఉన్ని బిగుసుకుపోయి రాలేదు. కొడవలి తెచ్చాడు, తాడు కింద పెట్టాడు. మళ్లీ తీసి పక్కన పడేశాడు.

"ఒకపారి వాళ్లు తెంపిన్రు. మల్ల నేను గూడ తెంపాల్నా?"

గొర్రెలు దొడ్లో అరుస్తూనే ఉన్నాయి. బతికినట్టే అన్నాడు డాక్టరు. బతికినందుకు మొగులప్ప ఆ పొద్దున గడప మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు.