దేవుని కాడ పెట్టిన ఇన్సూరెన్సు

ఆ రోజుల్ల ఏ కాగితమైనా ఎవరో ఒకరు చేతుల పట్టుకొని ఇంటికి తేవాలె, గిప్పటి లెక్క ఫోన్ల టక్కున పడేది గాదు. మా ఆయన కాలం చేసిన ఏడాది నేను పోస్టాయన సైకిల్ గంట కోసం చెవులు రిక్కిచ్చుకొని బతికిన. మా ఆయన పెండ్లిళ్లకు, పేరంటాలకు వంట చేసేటోడు. గుండిగలు, గంటెలు మోసుకపోనీకి ఒక పాత మారుతి వ్యాను కొన్నడు. ఆయన పోయినంక గంటె నేను పట్టిన, స్టీరింగు గూడ నేనే పట్టిన. లైసెన్సు తీసుకున్న, బండి నా పేరు మీదికి మార్పిచ్చుకున్న. సైదాబాద్ల మా గల్లీకి అదొక తమాషా, నేను వ్యాను తీస్తే పిల్లలు అరుగులెక్కి నిలబడేటోళ్లు. మా బావకు (మా ఆయనకు అన్న, సర్కారు ఆఫీసుల క్లర్కు, ఇస్త్రీ నలగని మనిషి) మాత్రం ఇది అస్సలు నచ్చలే. "చూడమ్మా, పోలీసోళ్లు ఒక్కసారి బండి పట్టుకున్నరంటే తెల్లారి దాన్ని అమ్మి పారేస్త. నీ కోసం ఠాణాల చుట్టు తిరిగే ఓపిక నాకు లేదు" అని ఖరాఖండిగ చెప్పిండు. ఆయన మాటకు మా ఇంట్ల ఎదురు లేదు. వ్యాను పోతే గుండిగలు నెత్తిన పెట్టుకొని పోలేను గద, వంటలు బందు, మా ఇంట్ల పొయ్యి గూడ బందు.

గప్పుడే బండి ఇన్సూరెన్సు అయిపోయింది. ఏజెంటు పిలగాన్ని మేము బ్యాగు తమ్ముడు అనేటోళ్లం, చంకల బ్యాగు తియ్యంగ ఎవ్వరు చూడలే. ఆయన వచ్చి, బండి చుట్టు తిరిగి, టైరును ఒక తన్ను తన్ని, కింద కార్బన్ పెట్టి ఒక కాగితం మీద గీకి, చింపి నా చేతుల పెట్టిండు. "అక్కా, దీన్ని కవర్ నోట్ అంటరు. అసలు కాగితం పోస్టుల వస్తది. గందాంక ఇదే ఇన్సూరెన్సు. బేఫికర్ నడ్పు" అన్నడు. నాకు చదువు రాదు గాని కాగితాన్ని తడిమి చూసుడు వస్తది. ఉల్లిపొర లెక్క ఉంది. ఇంత పెద్ద బండిని ఇంత పల్చటి కాగితం ఎట్ల కాపాడ్తది? ఇది ఉత్త చీటీ, అసలుది వచ్చేదాంక ఆసరా అంతే అనుకున్న. మా అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది. పని సగంల ఉన్న కాగితం ఏదైనా పసుపు కుంకుమ పెట్టి, నాలుగు అచ్చింతలేసి, దేవుని కాడ పెట్టాలె. పని పూర్తయ్యేదాంక కదపొద్దు. గట్లనే పెట్టిన, కదపలే.

ఇగ నా గుండె నా కాడ లేదు. పోస్టాయన "ఏం లేదక్కా" అన్నప్పుడల్ల ఆయన సంచిల నేనే తొంగి చూసేదాన్ని. ఖాకీ రంగు కనవడ్తే చాలు బండి గల్లీల మలిపేదాన్ని. గల్లీల గల్లీల తిరిగి, మేకలను తప్పిచ్చి, మంచాలు జరిపిచ్చి పోయేటోళ్లం. ముందు సీట్ల నాకు తోడు వంటకొచ్చే చిన్నమ్మ కూసునేది. ఒకనాడు పక్కనున్న సంతోష్‌నగర్ల తొట్టెల ఫంక్షనుకు సాంబారు తీస్కపోతున్నం. చుట్టు తిరిగీ తిరిగీ ఇసిగి చిన్నమ్మ "ఏంది పిల్లా, సంతోష్‌నగర్‌కు బహదూర్‌పురా మీదికెళ్లి పోతున్నమా? ఆడనే జూ ఉంది, ఏనుగును గూడ చూసి పోదాం" అని ఎత్తిపొడిచింది. రోషమొచ్చి పెద్ద రోడ్డెక్కిన.

ఎక్కంగనే మూల మీద పోలీసాయన. చెయ్యెత్తిండు. (మెడ గోక్కోనీకి ఎత్తిండట, గది నాకెట్ల తెలుస్తది?) బ్రేకు మీద నిలబడ్డ. వెనక గుండిగ ఊగి, సాంబారు మూత దాటి చిన్నమ్మ వీపుకు తగిలింది. నేను చెప్తుంటే రాసుకుంటున్నవ్ గని, ఆమె తిట్లు ఇక్కడ రాయకు బిడ్డా. నేను దిగి ఉరికి, ఆయన ముంగట చేతులు జోడిచ్చిన.

"మై రోకాచ్ నై అమ్మా, క్యూ రుకే?" అన్నడు. ఆపనే లేదు, ఎందుకు ఆగినవని అడుగుతున్నడు. నేను వింటే గద. "సార్, ఇన్సూరెన్సు రాలే సార్, పోస్టుల ఉంది సార్, బండి గుంజుకోకుండ్రి సార్" అని గుక్క తిప్పుకోకుంట చెప్పిన.

ఆయన టోపీ సర్దుకొని తెలుగులకు దిగిండు. "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు. చెప్పినవ్, ఇగ చూడాలె. ఏ కాగితం లేదా?"

"ఒకటుంది సార్. దేవుని కాడ ఉంది."

"రోడ్డు మీద దేవుణ్ణి ఎవరాపుతరమ్మా? బండిల ఉండాలె గది. పోయి పట్కరా, బండి ఈడనే ఉంటది."

చిన్నమ్మను, సాంబారును ఆయనకు అప్పజెప్పి ఆటోల ఇంటికి ఉరికిన. మా నసీబు, బావ అరుగు మీద కూసోనున్నడు. "బండేది?" అన్నడు. "సంతోష్‌నగర్ల ఉంది." "నువ్వు ఈడ, బండి ఆడనా?" ఇగ దాసేదేముంది, చెప్పిన. దేవునికి దండం పెట్టి కాగితం తీసిన. బావ చెప్పులేసుకొని వచ్చి ఆటోల కూసున్నడు. దారంత నా కండ్లకు వ్యాను అమ్ముడుపోయినట్టే కనిపిచ్చింది, కొన్నోడు హారను గూడ కొడుతున్నడు.

పోలీసాయన అచ్చింతలు ఉఫ్ అని ఊదిండు. కుంకుమ ఎగిరి ఆయన మీసాల మీదనే పడ్డది. కాగితం ఎండకు పట్టి చదివిండు. "ఇంకా తారీఖుంది, చెల్తది. ఇన్నొద్దులు ఎందుకు భయపడ్డవమ్మా?" అన్నడు. నేను ఆయనను చూస్తలేను, బావను చూస్తున్న. బావ కాగితం తీసుకొని, అద్దాలు పెట్టుకొని, మళ్ల మళ్ల చదివిండు. మడతపెట్టి నా చేతికిచ్చిండు. "పా, సాంబారు చల్లారుతది" అన్నడు.

చిన్నమ్మ ఇగ గుండిగ దిక్కు చూడనన్నది. ఆ ఇస్త్రీ బట్టల మీదనే బావ వెనక కూసోని, మూతను రెండు చేతులతోని అదిమి పట్టుకొని, "మెల్లగ, మెల్లగ" అనుకుంట వచ్చిండు. ఫంక్షనింటోళ్లు ఆలస్యమైందని లొల్లి వెడ్తే, అంగీ మీద సాంబారు తుడుచుకుంట, "మా మరదలు బండి మంచిగనే నడ్పుతది, రోడ్లే మంచిగ లేవు" అన్నడు. అమ్ముడు ముచ్చట మళ్ల ఎన్నడెత్తలే.

ఇప్పుడు నన్ను పోలీసు ఆపితే అద్దం సగం దించి "ఏంది సారూ" అంట, అంతే. గప్పుడు ఎవ్వరు ఆపకున్నా తనంతట తనే ఆగి, నడిరోడ్డు మీద చేతులు జోడిచ్చిన ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. ఆమె పక్క సీట్ల కూసోని, "నడ్పు బిడ్డా, నిన్నెవరు ఆపలే" అని చెప్పబుద్ధయితది.