పిన్ను పట్టిన పిల్ల

"బుజ్జీ, ఇది గట్టిగ పట్టుకో. కదిలితే బొమ్మ పోతది," అంటూ మా అన్నయ్య నిన్న సాయంత్రం నా ఐదేళ్ల కూతురి చేతికి అడాప్టర్ వైరు ఇచ్చాడు. అది సంబరంగా పట్టుకుంది. షాక్ కొడుతుందేమోనన్నాను. నాకు అన్నిటికీ భయమే.

"ఏం గాదే. నువ్వు పట్టుకోలే? నీకేమన్న అయిందా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది, నా భయం కరెంటు గురించి కాదని.

అన్నయ్య అటక మీది నుంచి దింపి, నా పిల్లల కోసం భద్రాచలం నుంచి మోసుకొచ్చిన మా పాత వీడియోగేమ్ అది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండాకాలం సెలవులకు మధిర నుంచి వచ్చే పెద్దమ్మ కొడుకు దానికి క్యాసెట్లు తెచ్చేవాడు. ఇద్దరు సిపాయిలు అడవిలో తుపాకులు పేలుస్తూ పరుగెత్తే ఆట, మూడు భాగాలు. మా ఇంటి వెనక అసలైన అడవే ఉండేది. చీకటి పడితే ఆట ఆడే ఈ ఇద్దరు వీరుల్లో ఒక్కడూ పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేవాడు కాదు.

ఆట పెట్టెలో అడాప్టర్ పిన్ను దూర్చే చోటు వదులైంది. ఎవరైనా ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఆట నడిచేది. బాగు చేయించడం ఒక్క పూట పని. చెల్లెలు ఉండగా ఆ శ్రమ ఎవరికి? రిమోట్లు రెండు, ఆడేవాళ్ళు ఇద్దరు, పట్టేదాన్ని నేను. "నీ చెయ్యే మంచిదే, నువ్వు పడితేనే నిలుస్తది," అనేవారు. దద్దమ్మను, పొంగిపోయేదాన్ని. ఏ వంతెన ఎక్కడ కూలుతుందో నాకు కంఠతా వచ్చు. ఒక్క బటనూ నొక్కింది లేదు. అయినా బళ్ళో ఎవరడిగినా నాకిష్టమైన ఆట అదేనని చెప్పేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మూడో భాగం చివరికి చేరారు. "అన్నా, ఒంటికొస్తుంది, పోయొస్తా," అన్నాను.

"కదిలితే చంపుతా!"

కదల్లేదు. గెలిచి, అరుచుకుంటూ వాళ్ళు బజారుకు పరుగెత్తారు. తడిసిన గౌనుతో నేను పిన్ను పట్టుకునే కూర్చున్నాను. "గింత పెద్దదానివి, సిగ్గు లేదానే?" అని అమ్మ నన్నే కొట్టింది.

నిన్న అన్నం తింటూ అన్నయ్య ఆ గెలుపునే నా కొడుక్కి వర్ణించాడు. "ఆ రోజులే వేరు అల్లుడూ. ఇప్పటి పిల్లలకేం తెలుసు!"

"మరి అమ్మ ఏం చేసేది మామా?"

"మీ అమ్మనా? కూసోని చూసేది."

నలభైకి దగ్గర పడిన మనిషి. అబద్ధమాడానని కూడా అతనికి తెలియదు. ఆ మాటకు నా కూతురు కూడా నవ్వింది.

ఈ ఉదయం అతను గురక పెడుతుండగానే పిల్లలిద్దరూ టీవీ ముందు చేరారు. పాప రిమోట్ వైపు చూడనైనా చూడకుండా వైరు అందుకుంది. దాని వేళ్ళలోంచి మెల్లగా తీసేసి, ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"మామ లేచినంక మళ్ళ పట్టుకోమంటడు. 'నువ్వే పట్టుకో మామా, మేమిద్దరం ఆడతం' అనుండ్రి," అని చెప్పాను.