పేరు చెప్పని పసరు

మా నాయనకు కడుపులో మంట తగ్గితే చాలు, మిగిలిన బిళ్ళలు రేకు డబ్బాలోకి పోయేవి. నొప్పి లేనప్పుడు మందెందుకు, దండగ! రెండు వారాలు వేసుకోమన్న బిళ్ళలను ఐదో రోజుకే ఆపి, కర్ర పట్టుకుని గొర్రెల వెంట పోయేవాడు. కొన్నాళ్ళకు మళ్ళీ మంట. మళ్ళీ బిళ్ళలు, మళ్ళీ డబ్బా.

మూడోసారి గిద్దలూరులో డాక్టరు కడుపులోకి గొట్టం వేసి చూశాడు. పుండు ఉందనీ, దానికి కారణమైన క్రిమికి పాత బిళ్ళలు అలవాటైపోయాయనీ చెప్పాడు. ఈసారి వేరే మందులు రాశాడు. "ఒక్క పూట మానినా, ఇంక నా దగ్గర ఇచ్చేందుకు ఏమీ ఉండదు" అన్నాడు.

ఆ మందులకు నాయన నోరంతా చేదు, పొద్దస్తమానం వాంతులు. రాచర్ల దగ్గర మా ఊళ్ళో కడుపునొప్పికి పసరు పోసే మా పెద్దమ్మ ఉంది. ఆకు పేరు ఎవరికీ చెప్పదు. చెబితే మందు పనిచేయదట. నాయన మూడు రోజులు పరగడుపున ఆ పసరు తాగాడు. మంట తగ్గింది.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదే మీ సదువుకున్నోళ్ళకు!" అని దెప్పింది పెద్దమ్మ.

నాకు రోషం వచ్చింది. నేను పనిచేసేది మార్కాపురంలో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబులో. చిన్న సీసాలో పసరు తీసుకుపోయి, అక్కడ పెంచే బ్యాక్టీరియా మీద ఒక చుక్క వేశాను. మర్నాటికి చుక్క చుట్టూ ఏమీ పెరగలేదు. గుండ్రంగా, శుభ్రంగా ఖాళీ! సంతోషంతో నాకు కాళ్ళు నిలవలేదు. "బిళ్ళలు ఆపెయ్ నాయనా, పసరే తాగు" అని ఫోన్లో చెప్పింది నేనే. నా నోరు పడిపోను!

నెల తిరక్కుండా నాయనకు విరేచనం తారులా నల్లగా అయింది. పుండులోంచి రక్తం పోతోందని ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తూ, ఏం తాగించారో కనుక్కురమ్మన్నాడు డాక్టరు. నేను పెద్దమ్మ కాళ్ళు పట్టుకున్నాను.

"మీ నాయన కోసం చెప్తాండా" అని తలుపు దగ్గరకు వేసింది. "తిప్పతీగ."

"అదేంది పెద్దమ్మా, మా కంచె మీదుండే తీగే గదా?"

"ఒట్టి ఆకు పనిచేస్తాదా ఏంది? బిళ్ళ నూరి కలపాల."

అటక మీంచి ఒక రేకు డబ్బా దించింది. మూత మీది సొట్ట చూసి గుర్తుపట్టాను. మా ఇంటి డబ్బా. గొర్రెపిల్లలకు వేస్తానని పోయినేడు అడిగితే, పారేయడం దేనికని నా చేతులతో నేనే ఇచ్చాను.

ల్యాబులో బ్యాక్టీరియా చచ్చింది ఆకుకు కాదు, ఆ బిళ్ళలకు. ల్యాబు బ్యాక్టీరియా వాటి రుచి ఎరగదు. నాయన కడుపులోది ఇన్నాళ్ళూ వాటిని తింటూనే బతికింది. మంట తగ్గించే బిళ్ళలూ ఆ డబ్బాలోవే; తగ్గింది మంటే, పుండు కాదు.

బయట నలుగురు చెంబులు పట్టుకుని కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో పసిబిడ్డ. ఎవరికీ పోయొద్దని పెద్దమ్మను బతిమాలాను.

"ఎందుకు పోయగూడదే? అందరికీ తగ్గతాంది గదా" అంది. "డబ్బా అయిపోవచ్చింది. మీ కాలేజీలో ఉంటే నాలుగు బిళ్ళలు తెచ్చియ్యి."

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి నాయన కళ్ళు తెరిచాడు.

"వదిన పసరు పంపిందా అమ్మా?" అని చెయ్యి చాచాడు.