పెద్దాయన మీద మోపిన నింద

మిక్సింగాయన ఇంటి ముందు గదిని ఏలుతున్న కంప్యూటరుకు పన్నెండేళ్లు. ఆ జాతిలో అది నిండు నూరేళ్లతో సమానం కనుక, ఇంటిల్లిపాదీ దాన్ని ‘పెద్దాయన’ అని గౌరవంగా పిలుస్తారు. పెద్దాయన ఒంటిమీద పక్క రేకు ఉండదు. ఉక్క భరించలేక తీయించుకున్నారు. ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను నిత్యం సేవలో ఉంటుంది. తయారైన వీడియోను ఆయన బయటికి తీస్తున్నంతసేపూ ఆ ఇంట్లో మిక్సీ తిరగదు, ఇస్త్రీపెట్టె వేడెక్కదు. వోల్టేజి కాస్త తగ్గిందా, ఆయన అలిగి మళ్లీ మొదటికొస్తారు.

“మిక్సీ వేసుకోవచ్చా?” అని ఇల్లాలు వంటింట్లోంచి అడుగుతుంది.

“ఇంకా లేదు. నలభై శాతంలో ఉన్నారు.”

“నేను కాపరానికొచ్చిన కొత్తలోనూ అక్కడే ఉన్నారు.”

మిక్సింగాయన ఇరవై ఏళ్లుగా పెళ్లి వీడియోలు కూరుస్తున్నాడు. ఈమధ్య చుట్టాలందరూ తమ ఫోన్లలో తీసినవి కూడా తెచ్చి పోస్తున్నారు. ఈ ఫోన్ల వీడియోలు మరీ స్పష్టం. పెళ్లికొడుకు ముక్కు మీది చెమట చుక్కల్ని లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆ ముక్కును ఒక్క అంగుళం కదిలించడానికి పెద్దాయన ఆయాసపడిపోతారు. అందుకని మిక్సింగాయన ఒక ఉపాయం పట్టాడు. ప్రతి వీడియోకూ మసక మసగ్గా ఒక తేలిక కాపీ తీసి, కత్తిరింపులన్నీ దాని మీద చేసి, చివర్లో అసలు వీడియోను తెచ్చి తగిలిస్తాడు. తేలిక కాపీలో శబ్దం కూడా ఉంచడు. పెళ్లిలో జనం మాట్లాడుకున్న మాటలు ఎవరికీ వినపడకుండా పైన పాట వేసేస్తేనే రెండు కుటుంబాలకూ క్షేమమని ఆయన సిద్ధాంతం. ‘శబ్దం’ అన్న చోట టిక్కు తీసేయడం ఆయన వేలికి కన్ను కొట్టినంత అలవాటైపోయింది.

ఆయన బావ, అంటే అక్క మొగుడు, బస్టాండులో ఇరవై ఎనిమిదేళ్లు మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో ఆ కంఠం చెబితేనే జనం కదిలేవారు. ఇంట్లోనూ అదే ధోరణి. “భోజనానికి వేచియున్నవారు దయచేసి కంచాలతో సిద్ధముగా ఉండవలెను” అనేవాడు. “సర్వీసు రద్దయింది, కూర మాడింది” అనేది అక్క.

ఆ గొంతులోనే జబ్బు చేసింది. ఆపరేషన్ తర్వాత ఊపిరి దక్కుతుంది కానీ మాట దక్కదని డాక్టర్లు తేల్చారు. దానికి నాలుగు రోజుల ముందు బావ మిక్సింగాయన దగ్గరికొచ్చాడు.

“ఏం బావమరిదీ, మీ పెద్దాయన ఇంకా ఉన్నారా, పోయారా?”

“నీ దయవల్ల కొనసాగుతున్నారు బావా.”

బావ ఫోను చేతిలో పెట్టాడు. “ఇందులో ఏడు ముక్కలున్నాయి. మీ అక్క కోసం మాట్లాడాను. అన్నీ కలిపి ఒకటిగా చెయ్యి. నేను ఆస్పత్రి నుంచి వచ్చాక పక్కన కూర్చుని చూపిస్తా. నువ్వు మాత్రం వినకు.”

“బస్టాండు మొత్తానికి వినిపించినవాడివి, నా ముందు సిగ్గేంటి?”

“అక్కడ చెప్పింది బస్సుల సంగతి రా.”

మిక్సింగాయన వీడియోలు తన దగ్గరికి ఎక్కించుకున్నాడు. ఫోను నిండిపోయింది, ఆస్పత్రి కాగితాలు ఫొటో తీసుకోవడానికి చోటు లేదు, తుడిచెయ్యమన్నాడు బావ. “నా దగ్గరుంటే బ్యాంకు లాకర్లో ఉన్నట్టే” అని మిక్సింగాయన తన వేలితోనే తుడిచాడు.

ఆ వేలే వారం తిరక్కుండా మిగతా పనీ పూర్తిచేసింది. తేలిక కాపీలు తీస్తూ అలవాటుగా శబ్దం టిక్కు తీసేసింది. ఆరు కాపీలు వచ్చాయి, ఏడోదాని దగ్గర పెద్దాయన బిగుసుకుపోయారు. ఈలోగా ఒక పెళ్లివారు నాలుగు ఫోన్ల వీడియోలు తెచ్చి, ఎల్లుండికి కావాలని కూర్చున్నారు. పెద్దాయన కడుపులో చోటు లేదు. బావ వినొద్దన్నాడని స్పీకరు కట్టేసి, తేలిక కాపీలు ఒకసారి కదిలించి చూశాడు. బావ మొహం బాగానే ఉంది, పెదాలు ఆడుతున్నాయి. ఇంటివాళ్లు చూసుకునేదానికి ఈమాత్రం చాలదా అనుకుని అసలు వీడియోలన్నిటినీ ఎంచి, తొలగించమన్నాడు. ఇవి చెత్తబుట్టలో పట్టవు, శాశ్వతంగా పోతాయి, సమ్మతమేనా అని పెద్దాయన మర్యాదగా అడిగారు. సమ్మతమే అన్నాడు. ఒకటి మాత్రం వేరేచోట తెరిచి ఉంది, తీయడం కుదరదని ఆయన మొండికేశారు. “నీ చాదస్తం తగలెయ్య” అని దాన్ని అలాగే వదిలేసి, ఆ సంగతి మరిచిపోయి, పెళ్లిని లోపలికి ఎక్కించాడు.

బావ ఆస్పత్రి నుంచి వచ్చాడు, మెడకు కట్టుతో, జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్నుతో. ఏడు ముక్కల వీడియో సంగతి అందులో రాసి అక్కకు చూపించాడు. అక్క వెంటనే ఫోను చేసింది.

మిక్సింగాయన వీడియో తెరిచాడు. బావ నోరు తెరిచాడు, చెయ్యి ఊపాడు, ఒకచోట కళ్లు తుడుచుకున్నాడు. చప్పుడు లేదు. స్పీకరు మార్చాడు, వైరు ఊడదీసి పెట్టాడు, స్పీకరులోకి ఊదాడు కూడా. అప్పుడు టిక్కు గుర్తొచ్చింది. చెరిపేసినవి తిరిగి తెస్తానని బోరవిరుచుకునే సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి చూశాడు. అవి వెతికి వెతికి, పెళ్లికొడుకు మేనమామ డాన్సు తెచ్చి చేతిలో పెట్టాయి.

అక్కకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. అందుబాటులో ఉన్న అమాయకుడి మీదికి తోసేశాడు. “పెద్దాయన మొరాయిస్తున్నారక్కా.” నాలుగు రోజులకు పది శాతం చొప్పున అరవై దాకా ఎక్కించి, కరెంటు పోయిందని సున్నాకు దించేవాడు. రెండుసార్లు అలా దించాడు.

“పోనీలే రా, ముసలి ప్రాణం. విసుక్కోకు” అనేది అక్క. ఆ మాటకు ఆయన పెద్దాయన వైపు చూడలేక ఫ్యాను వైపు చూసేవాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం గుమ్మం ముందు ఆటో ఆగింది. అక్క దిగింది, బావ దిగాడు, వాళ్ల వెనక ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. కొత్త కంప్యూటరు.

“ఇదేంటక్కా?”

“డిపో వాళ్లు పదవీ విరమణకి బహుమతి ఇస్తాం, ఏం కావాలని మీ బావని అడిగారు. వాచీ అంటారనుకున్నా. ఈయన ఇది కావాలని రాసిచ్చారు. ఇంక నీ వీడియో ఒక్క పూటలో అయిపోతుందిగా?”

మిక్సింగాయన అట్టపెట్టె మీదే కూలబడ్డాడు. ఇల్లాలు అక్క చేతికి కాఫీ ఇచ్చి, మొగుడితో మెల్లగా, “చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అంది. చెప్పాడు. టిక్కు, చెత్తబుట్ట, శాతాలు, అన్నీ. మొదటిసారి ఒకే విడతలో నూరు శాతం పూర్తయింది.

అక్క కాఫీ కింద పెట్టేసింది. “రెండు నెలలు రా! రోజూ ఈ మనిషి పుస్తకంలో ‘అయిందేమో అడుగు’ అని రాస్తుంటే, నేను నీకు సిగ్గుపడుతూ ఫోను చేసేదాన్ని. ఏదీ, ఆ మూగదే చూపించు.”

ఫోల్డరు తెరిచాడు. ఆరు కాపీలు. వాటి కింద, తీయడం కుదరదని పెద్దాయన పట్టుబట్టి దాచిన ఏడోది. మిక్సింగాయన దాన్ని నొక్కాడు.

తెరనిండా బావ ముక్కు. గదినిండా బావ గొంతు: “ఏమే, ఇటు చూడు. ఎర్ర చుక్క వెలుగుతోంది. అవుతున్నట్టా, కానట్టా?”

ఎక్కణ్నుంచో అక్క: “నాకేం తెలుసు, పొయ్యి మీద పాలున్నాయి!”

అంతే. తొమ్మిది సెకన్లు.

అక్క మళ్లీ పెట్టమంది. నాలుగోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఒక్క నిమిషం పాలు దించేసి వస్తే నా సొమ్మేం పోయేది” అంది. తర్వాత బావ వైపు తిరిగింది. “మిగతా ఆరింట్లో ఏం చెప్పారు?”

బావ జేబులోంచి పుస్తకం తీశాడు. ‘గుర్తులేదు’ అని రాశాడు.

ఇరవై ఎనిమిదేళ్ల బస్సు వేళలన్నీ ఈనాటికీ పొల్లుపోకుండా రాయగల మనిషి ఆయన. ఆ నాలుగక్షరాల దయ ఎవరి కోసమో మిక్సింగాయనకు అర్థమైంది. దానికింద బావ ఇంకో వాక్యం చేర్చాడు: ‘పెద్దాయనకు శాలువా కప్పు.’ భుజాలు కదిలేలా నవ్వాడు. శబ్దం లేదు.

పెద్దాయన ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు, ఫ్యాను మాత్రం తీయలేదు. కొత్త కంప్యూటరు రెండు నిమిషాల్లో పని ముగించి మిక్సింగాయన మొహంలోకి చూస్తుంటుంది. అక్క ఆ తొమ్మిది సెకన్లను తన ఫోనుకు రింగుటోనుగా పెట్టుకుంది. బావకు మంచినీళ్లు కావాలన్నా, కళ్లజోడు కావాలన్నా, పక్క గదిలోంచి ఒక రింగిస్తాడు. వంటింట్లో ఆయన గొంతే పలుకుతుంది: “ఏమే, ఇటు చూడు.” అక్క పాలున్నా పప్పున్నా దించేసి వెళుతుంది.

మిక్సింగాయన వాళ్లింట్లో ఉండగా అది మోగితే, తొమ్మిది సెకన్లు అయ్యేవరకూ తన కుడిచేతి చూపుడువేలిని ఎడమచేతి పిడికిట్లో దాచుకుంటాడు.